పెద్దమ్మా, చిన్న మాటలూ

పోయిన నెల నరసాపురంలో పెద్దమ్మ కన్నుమూసింది. ఇక్కడ అమెరికాలో, అరోరాలో మా ఇంట్లో ఆమె జ్ఞాపకార్థం చిన్న కూడిక పెట్టుకున్నాం. తెలుగు చర్చి వాళ్లు వచ్చి పాటలు పాడారు, పాస్టరు గారు ప్రార్థన చేశారు, బిర్యానీ తిని అందరూ వెళ్లిపోయారు. బాతెల్ నుంచి విమానంలో వచ్చిన తమ్ముడు జోయెల్ మాత్రం మిగిలాడు. సింకు దగ్గర నిలబడి గిన్నెలు తుడుస్తూ, తనకొచ్చిన తెలుగులో, "అక్కా, ఆ డే ఏం అయింది? నాకు డార్క్ ఒక్కటే గుర్తుంది. అండ్ పెద్దమ్మ స్మెల్," అన్నాడు. ఆ రోజుకి వాడికి నాలుగేళ్లు. మా ఇంట్లో దాని గురించి ఎవరూ ఎప్పుడూ మొదటి నుంచి చివరిదాకా చెప్పుకోలేదు. అమ్మకి కొంత తెలుసు, నాన్నకి కొంత తెలుసు. మొత్తం తెలిసింది పెద్దమ్మకీ నాకూ. ఇప్పుడు నాకొక్కదానికే. వాడికి చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను.

అమ్మ నర్సు. ఆమె ఉద్యోగం మీదే మేమంతా ఈ దేశానికి వచ్చాం. భీమవరం కాలేజీలో పాఠాలు చెప్పిన నాన్న ఇక్కడ ఒక వేర్‌హౌస్‌లో షిఫ్టులు చేసేవారు. జోయెల్‌ని చూసుకునే మనిషి లేక అమ్మ వాళ్లక్కని రప్పించింది. పెద్దమ్మ మిషన్ ఆడపిల్లల బడిలో తెలుగు పండితురాలిగా రిటైరైంది. పెద్దనాన్న అప్పటికే లేరు, పిల్లలు కలగలేదు. విజిట్ వీసా మీద వచ్చి, పొడిగింపు పెట్టుకుని మాతోనే ఉంది. ఆమె వచ్చిన వారంలోనే మా అపార్ట్‌మెంట్ వాసన మారిపోయింది. తెల్లవారకముందే లేచి, కార్పెట్ మీద మోకరించి, పెదవులు కదలకుండా ప్రార్థన చేసుకునేది. తర్వాత కొబ్బరి నూనె, బామ్, ఫిల్టర్ కాఫీ, ఈ మూడూ కలిసిన వాసన నా గది తలుపు కిందినుంచి వచ్చి నన్ను నిద్ర లేపేది. వాయిల్ చీర మీద నాన్న స్వెటరు, కాళ్లకి మేజోళ్లు. ఆ వేషంలోనే మెయిల్ బాక్సుల దాకా నడిచి వెళ్లి, వచ్చిన ప్రతి ప్రకటన కాగితాన్నీ అక్షరం పొల్లు పోకుండా చదివేది.

ఇంగ్లీషు ఆమెకి రాకపోలేదు. పెద్ద పెద్ద మాటలు ఇట్టే చదివేది, స్పెల్లింగు తప్పేది కాదు. ఆమెని ఇబ్బంది పెట్టినవి చిన్న మాటలు. "పెద్ద మాటకి ఒకటే అర్థం, కుదురుగా కూర్చుంటుంది. ఈ మూడక్షరాల వాటినే నమ్మకూడదే గ్రేసీ," అనేది. జీవితమంతా పిల్లల చేత నానార్థాలు వల్లె వేయించిన మనిషి. హరి అంటే విష్ణువు, సింహం, కోతి, పాము, కప్ప. కరము అంటే చెయ్యి, తొండం, కిరణం, పన్ను. ఉల్లిపాయలు తరుగుతూ ఇంగ్లీషు మాటల్ని కూడా అలాగే రాగం తీసి చెప్పుకునేది. మన నానార్థాలు నిఘంటువులో పడుకుని ఉంటాయనీ, పరీక్షలకి మాత్రం లేపుతామనీ, వీళ్లవి వీధిలో తిరుగుతుంటాయనీ ఆమె ఫిర్యాదు. నేను నవ్వేదాన్ని. నాకప్పటికి ఆ మాటల మీద అనుమానం ఉండేది కాదు. బడిలో ఏది ఎక్కడ ఏ అర్థంలో వస్తుందో నీళ్లు తాగినట్టు తెలిసిపోయేది.

ఆమెకి ఈ మాటలు నేర్పింది ఎక్కువగా వాల్టర్. మా కింది వాటాలో ఒక్కడే ఉండేవాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన, భార్య పోయింది, కూతురు అయోవాలో ఉండేది. పెద్దమ్మ ఓ మధ్యాహ్నం ఎండు రొయ్యలు వేయిస్తుంటే పొగకి అలారం కూయడం మొదలుపెట్టింది. దాన్ని ఎలా ఆపాలో తెలియక ఆమె టవల్ పట్టుకుని విసురుతుంటే, వాల్టర్ చీపురు పుచ్చుకుని పైకొచ్చి, కర్రతో ఒక్క పోటు పొడిచి ఆపాడు. వాసనకి మొహం చిట్లించలేదు. ఏం వండుతున్నావని అడిగి, ఒక రొయ్య నోట్లో వేసుకుని, తలూపి వెళ్లాడు. మర్నాడు పెద్దమ్మ పప్పుచెక్కలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. అప్పటినుంచి మెయిల్ బాక్సుల దగ్గర ఇద్దరూ నిలబడి మాట్లాడుకునేవాళ్లు. ఆయనవన్నీ పొట్టి మాటలే. ముక్కు రన్ అవుతుంది, కుళాయి రన్ అవుతుంది, రైలు రన్ అవుతుంది, దుకాణాన్ని రన్ చేస్తారు అని ఆయన చేతులతో చూపించి చెబితే, ఆమె బడిపిల్లలా వేళ్లు మడిచి లెక్క పెట్టుకునేది. నాన్న ఇద్దర్నీ కిటికీలోంచి చూసి, "మీ అక్కకి ఇక్కడ ఒక హెడ్మాస్టరు దొరికాడు," అని అమ్మతో అన్నారు.

అప్పుడు మేమున్న ఊళ్లో సుడిగాలి సైరన్లు ఉంటాయి. నెలకోసారి, మంగళవారం పొద్దున, పని చేస్తున్నాయో లేదో చూడడానికి మోగిస్తారు. మొదటిసారి విన్నప్పుడు పెద్దమ్మ జోయెల్‌ని ఎత్తుకుని మెట్లు దిగి పరుగెత్తింది. వాల్టర్ నవ్వి, "జస్ట్ ఎ టెస్ట్," అని చెప్పాడట. టెస్టు అంటే పరీక్ష, రక్తం పరీక్ష, క్రికెట్ మ్యాచ్, ఇప్పుడు ఇదొకటి. ఆ తర్వాత సైరన్ మోగితే చేతిలో పని ఆపేది కాదు.

నేను హైస్కూల్లో చేరిన ఏడాది వేసవి ముందర ఆ రోజు వచ్చింది. పొద్దున నేను బస్సుకి వెళ్తుంటే గాలి లేదు. ఆకు కదలడం లేదు. ముందురోజు దాకా గోల చేసిన పిట్టలు ఎటు పోయాయో వినబడలేదు. ఉక్క మాత్రం మా గోదావరి జిల్లా ఉక్కలాగే మెడ చుట్టూ అంటుకుంది. వాల్టర్ మెట్ల దగ్గర నిలబడి పడమటి వైపు చూస్తున్నాడు. నన్ను చూసి కూడా పలకరించలేదు. "టూ స్టిల్," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. జోయెల్‌ని చంకనేసుకుని నన్ను సాగనంపడానికి వచ్చిన పెద్దమ్మ, స్టిల్ అంటే ఇంకా అని కదా, ఇంకా ఏమిటి అని నా చెవిలో అడిగింది. కదలకుండా ఉండడం కూడా స్టిల్లే అని చెప్పి బస్సెక్కాను. వెనక్కి తిరిగి చూస్తే ఆమె కూడా పడమటి వైపే చూస్తోంది. అదే సమయంలో మా ఎదురు వాటాలో ఉండే ముసలావిడని కొడుకు వచ్చి కారెక్కించుకుంటున్నాడు. ఆవిడకి నడక సరిగా ఉండేది కాదు, నెమ్మదిగా ఎక్కింది. వాల్టర్ అప్పటికే లోపలికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి టీవీలో టోర్నడో వాచ్ అని, అంటే సుడిగాలి రావచ్చు జాగ్రత్త అని, కింద అక్షరాలు పరుగెత్తడం మొదలైందని పెద్దమ్మ తర్వాత చెప్పింది. వాచ్ అంటే చూడమనే కదా. అందుకని జోయెల్‌ని నిద్రపుచ్చి, బాల్కనీ గాజు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని ఆకాశాన్ని చూస్తూ కూర్చుంది. మబ్బు ముందు నల్లగా ఉంది, తర్వాత ఆకు నలిపితే వచ్చే పసరు రంగుకి తిరిగింది. అలాంటి రంగు ఆకాశానికి ఉంటుందని ఆమెకి తెలియదు. చూడమన్నారు కాబట్టి చూసింది.

మా బడిలో మమ్మల్ని తరగతుల్లోంచి బయటికి తెచ్చి కారిడార్‌లో గోడవైపు తిప్పి మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. తల కిందికి, చేతులు మెడ మీద. ఇలాంటివి డ్రిల్లు పేరుతో చాలాసార్లు చేసి ఉన్నాం, ప్రతిసారీ నవ్వులు వినబడేవి. ఆ రోజు నవ్వు వినబడలేదు. టీచర్లు కూడా వంగి కూర్చున్నారు. సైరన్ దూరం నుంచి సన్నగా, ఆగకుండా వస్తోంది. నా పక్కనున్న మరియా తన ఫోన్‌ని నేలమీద నావైపు జార్చింది. నేను వంగి కూర్చునే ఇంటికి ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక పెద్దమ్మ ఎత్తింది.

"పెద్దమ్మా, నేను గ్రేసీని. జోయెల్ ఏడి?"

"పడుకున్నాడు. ఈ కూత ఆగట్లేదే. ఇవాళ మంగళవారం కాదుగా?"

"టెస్టు కాదు పెద్దమ్మా. వాణ్ణి లేపు."

"టీవీలో ఎర్రగా వేస్తున్నారు, టేక్ కవర్, టేక్ కవర్ అని. ఏ కవరే? ఏం తీసుకోమంటున్నాడు?"

ఆమె గొంతులో భయం లేదు. పాఠంలో ఒక మాట దగ్గర ఆగిన మనిషి గొంతు అది. "దాక్కోమని పెద్దమ్మా. కిటికీ దగ్గర ఉండకు, వాణ్ణి తీసుకుని బాత్రూములోకి," అంటుండగా లైను పోయింది. మా ఇంట్లో ఉన్నది కరెంటు మీద నడిచే కార్డ్‌లెస్ ఫోను. కరెంటు పోతే అది కూడా పోతుంది. మళ్లీ చేశాను. మళ్లీ చేశాను. నా మాటల్లో ఏ మాట దాకా ఆమెకి వినబడిందో, ఏ మాట తెగిపోయిందో తెలియదు. కారిడార్ దీపాలు ఒకసారి ఆరి వెలిగాయి. ఎక్కడో చాలా దూరంలో గూడ్సు బండి పోతున్నట్టు చప్పుడైంది. మా బడి దగ్గర్లో రైలు పట్టాలు లేవు. మరియా నా చెయ్యి పట్టుకుంది. ఆ చప్పుడు మా మీదికి రాలేదు. ఎటో పోయింది. అది పోయిన వైపు మా ఇల్లుందని నాకు తెలుసు.

అక్కడ జరిగింది పెద్దమ్మ మాటల్లో నేను తర్వాత విన్నది. 'దాక్కో' వరకే ఆమెకి వినబడింది. ఎక్కడ దాక్కోవాలో తెలియక జోయెల్‌ని భుజాన వేసుకుని నిలబడి ఉండగా వాల్టర్ తలుపు బాదాడు. "గెట్ డౌన్," అని అరిచాడు. బస్సు దిగమన్నట్టు అర్థమైంది ఆమెకి, మెట్లు దిగింది. ఆయన తన వాటాలోకి లాక్కెళ్లి, స్నానాల తొట్టిలో ఇద్దర్నీ పడుకోబెట్టాడు. మంచం మీది పరుపు ఈడ్చుకొచ్చి వాళ్ల మీద కప్పబోతూ ఆగి, పైన ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఆ ప్రశ్న ఆమెకి బాగా అర్థమైంది. జవాబు కూడా చెప్పింది. పరుపు పైన పడింది, చీకటైంది. కాసేపటికి చెవులు పగిలిపోయే నొప్పి, తర్వాత ఇల్లు మొత్తం పళ్లు కొరికినట్టు శబ్దం. ఆమె జోయెల్ మీద బోర్లా పడుకుని వాడి మొహాన్ని తన మెడలో దాచింది. వాడికి గుర్తున్న చీకటి, వాసన అవే.

మా భవనం పైకప్పు లేచిపోయింది. మెట్ల పక్క గోడ కూలింది. వాల్టర్ బాత్రూము మాత్రం నిలిచింది. ఫైర్ వాళ్లు తొట్టిలోంచి ఇద్దర్నీ తీసి, ఒక చర్చి హాలుకి చేర్చారు. నాన్న నన్ను బడి నుంచి తీసుకుని, దారుల్లో చెట్లు పడి ఉంటే చుట్టూ తిరిగి, సాయంత్రానికి అక్కడికి తెచ్చారు. పెద్దమ్మ మడత కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టు నిండా తెల్లటి సున్నం పొడి. జోయెల్ ఆమె ఒళ్లో ఆపిల్ తింటున్నాడు. నేను ఆమెని పట్టుకుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. పక్క కుర్చీలో నాప్కిన్‌లో చుట్టిన శాండ్‌విచ్ చూపించి, దాని మీద కూర్చోవద్దని నన్ను హెచ్చరించింది.

"అది వాల్టరు గారికి. ఎక్కడికెళ్లాడో ఏమో, పొద్దుటినుంచి ఏం తిన్నాడో."

"ఆయన వెళ్లాడని ఎవరు చెప్పారు?"

"హెల్మెట్ పెట్టుకున్న అబ్బాయి. నేనే అడిగాను. హీ ఈజ్ గాన్ అన్నాడు. పాపం కళ్లెర్రగా ఉన్నాయి, దుమ్ముకి కాబోలు." ఆమె నా మొహంలోకి చూసింది. ఏళ్ల తరబడి ఆడపిల్లల మొహాలు చూసి జవాబు వచ్చో రాదో చెప్పగలిగిన మనిషి. "గాన్ అంటే వెళ్లాడనేగా గ్రేసీ?"

"అదీ ఉంది పెద్దమ్మా."

"ఇంకో అర్థం ఉందా?"

"ఉంది."

అది ఏమిటని ఆమె అడగలేదు. శాండ్‌విచ్‌ని తీసి ఒళ్లో పెట్టుకుని, నాప్కిన్ అంచులు సర్దుతూ కూర్చుంది. చీకటి పడేముందు అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చింది. వాల్టర్ ఎక్కడ దొరికాడో అక్కడ విని వచ్చిందామె. పై అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమ చేతి వైపున్న మా ఎదురు వాటా తలుపు ముందర, కూలిన గోడ కింద. తలుపు మీద పిడికిలి దెబ్బల గుర్తులున్నాయట. ఆ వాటాలో ఎవరూ లేరు, ఎందుకు వెళ్లాడో పాపం అంది అమ్మ.

పెద్దమ్మ తలెత్తింది. ఆమె మొహంలో అలాంటి మార్పు నేను అంతకుముందు చూడలేదు, తర్వాత కూడా ఎవరి మొహంలోనూ చూడలేదు. చాలా నెమ్మదిగా చెప్పింది. పైన ఇంకెవరైనా ఉన్నారా అని ఆయన అడిగాడు. ఎదురింటావిడ పొద్దున్నే వెళ్లిపోయింది కదా, నేను చూశాను కదా. అదే చెప్పాను. "లెఫ్ట్, లెఫ్ట్ అన్నాను. తలూపి వెళ్లాడు. అర్థమైందనుకున్నాను."

అమ్మకి వెంటనే అందలేదు. నాకు అందింది. ఆమె చెప్పింది వెళ్లిపోయిందని, ఆయన విన్నది ఎడమ వైపని. అమ్మకి అందాక, అక్కని పట్టుకుని, నీ తప్పేముందక్కా, ఆ హడావుడిలో ఎవరికైనా అంతే, నువ్వు చెప్పకపోయినా ఆయన వెళ్లేవాడే అని ఏదేదో చెప్పింది. పెద్దమ్మ ఆ మాటలన్నీ విన్నది. విని, "షి అన్న ఒక్క మాట ముందు పెట్టుంటే సరిపోయేది. కర్త లేని వాక్యం. పిల్లల పేపర్లలో దానికే మార్కులు కొట్టేసేదాన్ని," అంది. ఆ రాత్రి ఆ హాల్లో మడత మంచాల మీద పడుకున్నప్పుడు ఆమె ప్రార్థన చేసుకోలేదు. అది చూసి నాకు గాలివాన కన్నా ఎక్కువ భయం వేసింది.

ఇప్పుడు మా ఇల్లు అక్కడికి దగ్గర్లోనే ఉంది. కింద బేస్‌మెంట్ ఉంది. గాలి ఎటు వస్తోందో, ఎంతసేపట్లో మన వీధికి చేరుతుందో ఫోను దానంతట అదే అరిచి చెబుతుంది. అమ్మ రిటైరయ్యేనాటికి ఆమె ఆసుపత్రిలో చక్రాల మీద ఒక తెర తెచ్చి రోగి ముందు పెట్టేవాళ్లు. ఎక్కడో కూర్చున్న మనిషి అందులోంచి శుభ్రమైన తెలుగులో డాక్టరు మాటలు చెప్పేవాడు. నా కూతురు ఏ మాట తెలియకపోయినా నన్ను అడగదు, ఫోనుని అడుగుతుంది. దానికి అన్ని అర్థాలూ వరసగా వచ్చేస్తాయి. మంచిదే. కానీ కరెంటు పోయి, చీకటి కమ్మి, ఒక మనిషి తలుపు దగ్గర నిలబడి ఒకే ప్రశ్న వేసినప్పుడు, ఆ వరసలోంచి ఏ అర్థం అవతలి చెవిలో పడుతుందో ఇప్పటికీ ఎవరి చేతిలోనూ లేదని నా నమ్మకం. పగలు మాట్లాడుకునే మాటల్లో కూడా నేను కర్తని వదలను. ఆఫీసులో నా ఈమెయిళ్లు పొడుగ్గా ఉంటాయని నవ్వుతారు. నవ్వనీ.

వాల్టర్ భూస్థాపనకి అయోవా నుంచి కూతురు లిండా వచ్చింది. పెద్దమ్మ తెల్లచీర కట్టుకుని, దానిమీద అమ్మ నల్ల కోటు వేసుకుంది. నేను తర్జుమా చేస్తానని పక్కన నిలబడబోతే వద్దంది. "నేను చేసిందానికి నేనే అడుక్కోవాలి. నువ్వు మధ్యలో రాకు," అంది. వరసలో నిలబడి, తన వంతు రాగానే లిండా రెండు చేతులూ పట్టుకుంది. "సారీ," అంది. మళ్లీ, "సారీ. వెరీ సారీ," అంది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. నేలమీద మోకరించేదే, లిండా ఆపి గట్టిగా కౌగలించుకుంది. "థాంక్యూ," అంది లిండా. "థాంక్యూ సో మచ్." వెనక ఇంకా మనుషులున్నారు. వరస కదిలింది.

కారులో చాలా దూరం వచ్చాక పెద్దమ్మ అడిగింది, క్షమించమంటే ఆవిడ థాంక్స్ ఎందుకు చెప్పిందని. ఇక్కడ చావు దగ్గర సారీ అంటే మీ దుఃఖానికి మేమూ బాధపడుతున్నామని అర్థం వస్తుందని నేను చెప్పాను. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. మొక్కజొన్న చేలు అప్పుడే మోకాలెత్తు లేచాయి.

"అయితే నేను అడిగింది ఆవిడకి చేరలేదన్నమాట."

నాన్న కారు వెనక్కి తిప్పనా అని అడిగారు. ఆమె వద్దంది. తండ్రి కోసం ఏడ్చే రోజున ఆ కూతురి నెత్తిన ఇంకో బరువు పెట్టలేనంది. వీసా గడువు ఇంకా ఉండగానే ఆ నెలలోనే నరసాపురం వెళ్లిపోయింది. తర్వాత ఫోన్లలో మా చదువులు అడిగేది, జోయెల్ ఎంత ఎత్తు పెరిగాడో అడిగేది. ఒక్క ఇంగ్లీషు మాట ఆమె నోట మళ్లీ వినలేదు. బస్సుని, రైలుని కూడా బండి అనే అనేది.

ఇదంతా విన్నాక జోయెల్ చేతిలో తుడుపుగుడ్డ పక్కన పెట్టాడు. తర్వాత ఫోను తీశాడు. ఈ రోజుల్లో మనిషిని వెతకడం ఎంతసేపు. లిండా అయోవాలోనే ఉంది, జుట్టు నెరిసింది, మొహం అచ్చం వాల్టర్ మొహమే. వాడు నన్ను అడగకుండానే నిలబడే రాసేశాడు. ఆ రోజు తొట్టిలో ఉన్న పిల్లవాణ్ణి నేనే అని, అంతే. గిన్నెల తడి ఆరకముందే ఆవిడ జవాబు వచ్చింది. బతికున్నావని తెలిసి సంతోషించానంది. తన పెళ్లయి ఎన్నాళ్లయిందో, పిల్లలెంతమందో రాసింది. కింద ఇంకో వాక్యం ఉంది. ఖాళీగా ఉన్న ఇంటి తలుపు కొట్టడానికి మా నాన్న పైకి ఎందుకు వెళ్లాడో, మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా?

జోయెల్ ఫోను నాకు అందించాడు. నేను చేతులు తుడుచుకుని, బల్ల దగ్గర కూర్చుని, పెద్దమ్మ చెప్పింది చెప్పినట్టు మొత్తం రాశాను. ఆమె ఆ రోజు వరసలో నిలబడి ఏమడిగిందో కూడా రాశాను. పంపాను. అది నిన్నటి మాట. ఆవిడ చదివింది, చదివినట్టు తెర మీద కనబడుతోంది. జవాబు రాలేదు.